కొత్తిమీర కట్ట

ఆదివారం, రాత్రి 10.

పొద్దున పచ్చడి నూరదామని చూస్తే ఫ్రిజ్‌లో కొత్తిమీర లేదు. "ఒరేయ్, మార్కెట్ దాకా వెళ్లి ఒక కట్ట పట్రా" అన్నాను. "స్కూటీ తీసుకెళ్లనా అమ్మా?" అన్నాడు. తాళాలు నేనే తీసిచ్చాను. మొదటిసారి కూడా కాదు. ఇంటర్ ఫస్టియర్, మొన్న శ్రావణంలో 16 నిండాయి, నన్ను దాటి ఎదిగాడు. ఇంకేం కావాలి అనుకున్నట్టున్నాను.

ఇరవై నిమిషాలకి ఫోను. "అమ్మా, బండి ఆపేశారు. నిన్ను రమ్మంటున్నారు."

నైటీ మీద చున్నీ వేసుకుని ఆటోలో వెళ్లాను. కానిస్టేబుల్ వాణ్ణి ఒక్క మాట అనలేదు. నన్నే అడిగాడు: "బండి ఎవరి పేరు మీదుందమ్మా?"

నా పేరు మీదే.

2019లో మోటారు వాహనాల చట్టం మారిందట. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులు గానీ బండి ఓనరు గానీ దోషి. మా ఇంట్లో ఆ ఇద్దరూ నేనే. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. వాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్నవాడు తలెత్తి "తొమ్మిదేళ్లా!" అన్నాడు. నా జైలు సంగతి మాత్రం వాడికి పట్టలేదు.

మళ్లీ దొరికితే కోర్టుకేనని గట్టిగా చెప్పి పంపేశాడాయన. నేను హెల్మెట్ లేకుండా వెళ్లాను, ఆయన కళ్లముందే బండెక్కే ధైర్యం లేదు. సందు మలుపు దాకా ఇద్దరం తోసుకుంటూ నడిచాం.

"16కే లైసెన్సు ఇస్తారు కదా, మావాళ్లంతా అంటారు" అని దారిలో గొణిగాడు. ఇస్తారు, 50 సీసీ దాటని బండికి. మాది 110. ఒకప్పుడు మా నాన్న లూనా మోపెడ్ నడిపేవారు, అది 50 లోపే. ఇప్పుడు షోరూముకెళ్లి 50 సీసీ బండి అడిగితే నవ్వుతారు.

మధ్యాహ్నం కూర్చుని ఆ చట్టంలోని 199ఏ సెక్షన్ చదివాను. తల్లిదండ్రులకి ఒక దారి వదిలారు: తమకి తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన జాగ్రత్త తీసుకున్నామనో నిరూపించుకోవచ్చు. నేనేం చెప్పను? కొత్తిమీర లేదని చెప్పనా?

మావారు ఊరినుంచి ఫోన్ చేస్తే చెప్పలేదు. తాళాలు బీరువాలో పెట్టాను. రేపు బస్‌పాస్ ఫారం తెచ్చుకుంటానన్నాడు, ముభావంగానే.

కట్ట డిక్కీలోనే ఉండిపోయింది. సాయంత్రానికి గుర్తొచ్చి తీస్తే వేడికి కమిలిపోయి ఉంది.