రంగం పోయినవాళ్ల పేర్లు ఎక్కడుంటాయి?

మా వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక వంశవృక్షం తిరుగుతోంది. ఎవరో డబ్బిచ్చి చేయించారు. చుట్టూ బంగారు రంగు అంచు, పైన సింహం బొమ్మ, మొట్టమొదటి పేరు ఒక రాజుగారిది. అక్కణ్ణించి మా నాన్న దాకా అందరూ మగవాళ్లే. ఒక్క ఆడమనిషి పేరు లేదు. మా ముత్తాత పేరు కింద ‘రంగూన్‌లో వ్యాపారం చేసి, తిరిగొచ్చి భూములు కొన్నారు’ అని రాశారు. బర్మాలోని ఆ రంగూన్‌నే మావాళ్లు రంగం అంటారు. ఆధారమేమిటని అడిగితే పెద్దలు చెప్పారన్నారు. ఏ పెద్దలో చెప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. తద్దినం రోజు తలుచుకునే మూడు తరాలు దాటితే మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. పిల్లలు దాన్ని ప్రింటు తీయించి గోడకి తగిలించేలోపు అసలు సంగతేమిటో చూద్దామని విశాఖ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను.

వైజాగ్‌లో గదుల అద్దెలు వింటే గుండె గుభేల్‌మంది. సముద్రం కనపడని గదికి కూడా సముద్రం రేటే చెప్తున్నారు. ఆర్టీసీ కాంప్లెక్స్ వెనకాల ఒక లాడ్జిలో దిగి, అక్కణ్ణించి కంచరపాలెం వెళ్లడానికి ఆటో అడిగితే మూడొందలన్నాడు. సిటీ బస్సెక్కాను.

కంచరపాలెంలో మా తాతగారి చెల్లెలు ఉంటుంది. మేమంతా మామ్మ అనే పిలుస్తాం. తొంభైకి దగ్గరపడినా చెవులు, మాట రెండూ గట్టివే. “ఏటమ్మా, ఎప్పుడో పోయినోళ్ల ఊసు ఇప్పుడెందుకు?” అంటూనే కాళ్లు చాపుకుని కూర్చుని మొదలుపెట్టింది. ఆవిడ యువ నామ సంవత్సరంలో పుట్టిందట. అంటే 1935–36. “జపానోడు బాంబులేసినప్పటికి నాకు ఊహ తెలిసింది. పట్నం జనమంతా మూటలు నెత్తినెట్టుకుని మా ఊరు దారి పట్టారు” అంది. ఆ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. లెక్క సరిపోయింది. ముసలివాళ్లను ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేరు. తుఫానో, బాంబులో, ఫలానా వారి పెళ్లో అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్తారు. వాటిని పట్టుకుని తారీఖులు మనమే కట్టుకోవాలి. బడి రిజిస్టర్లలో పుట్టినరోజుల కంటే ఇదే నమ్మకం. ఆ తరంలో బళ్లో చేరిన సగం మంది జులై 1నే పుట్టారు మరి, మాస్టారు అలా వేసేవారు.

“మా నాయన్ని నేనెరగను. నేను కడుపులో ఉండగానే రంగం ఎల్లిపోయాడు. కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఓడెక్కాడంట. మనియార్డర్లు వొచ్చేవి. యుద్ధంలో అవీ ఆగిపోయాయి.”

తిరిగి రాలేదా అని అడిగాను. రాలేదంది. వ్యాపారం కాదు, రేవులో బస్తాలు మోశాడంది. మరి మిమ్మల్ని ఎవరు సాకారంటే, “మా అమ్మ. చిట్టివలస మిల్లుకి గోగునార కట్టలు మోసి సాకింది” అంది. ఆవిడ పేరేమిటని అడిగాను. మామ్మ నా ముఖంలోకి చూసి, “ఇన్నాళ్లకి నువ్వొక్కదానివే అడిగావు” అంది. చెప్పింది. విజయనగరం అమ్మవారు పైడితల్లి పేరే. పుస్తకంలో రాసుకున్నాను. ఆ పేరు మా కుటుంబంలో కాగితం మీదకెక్కడం అదే మొదటిసారి అనుకున్నాను అప్పటికి.

మామ్మ ఇంటికి దగ్గర్లోనే బర్మా క్యాంపు ఉంది. 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక కట్టుబట్టలతో వచ్చేసిన మనవాళ్లు ఉన్న చోటది. ఓ సాయంత్రం అటు వెళ్లి నాలుగిళ్లలో మాట్లాడాను. మా ముత్తాత కాలంలో వెళ్లినవాళ్ల సంగతి ఎవరికీ తెలియలేదు. తెలిసే దారీ లేదు. 1937 దాకా బర్మా కూడా ఇండియాలో భాగమే కాబట్టి పాస్‌పోర్టు లేదు, వలస రిజిస్టరు లేదు. భీమిలి రేవులోనో విశాఖలోనో మేస్త్రీ వెంట డెక్కు మీద కూర్చుంటే రంగూన్‌లో దిగడమే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ పట్నంలో సగానికి పైగా మనదేశం వాళ్లే. అయినా ఫలానా మనిషి ఫలానా రోజున వెళ్లాడని చెప్పే కాగితం లేదు.

ఇక మిగిలింది ఇక్కడి రికార్డులు. నగరంలో ఒక ఆఫీసుకి వెళ్లాను. నేను ఇంకా ప్రశ్న పూర్తి చేయకముందే కౌంటర్లో ఆయన “పాతవి చెదలు తినేశాయి” అన్నాడు. చూశారా సార్ అంటే మధ్యాహ్నం రమ్మన్నాడు. మధ్యాహ్నం వెళ్తే ఆయనే లేడు. పక్క గదిలోకి పొమ్మన్నారు, ఆ గదివాళ్లు మళ్లీ ఈ గదిలోకే పంపారు. రెవెన్యూ రికార్డుల్లో ఎలాగూ దొరకదని ఆ వరండాలోనే ఒక రిటైరైన వీఆర్వో వివరంగా చెప్పారు. మా ఊరు జమీందారీ గ్రామం. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు ప్రకారం సర్కారుకి కావాల్సింది జమీందారు కట్టే పేష్కష్ అనే శిస్తు. పొలంలో దిగిన రైతు పేరుతో దానికి పనిలేదు, ఆ లెక్కలు జమీందారు ఠాణాలోనే, అంటే ఎస్టేటు కచేరీలోనే ఉండేవి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, ఆ తర్వాత సర్వే చేసి సెటిల్‌మెంట్ అడంగల్ అనే భూముల లెక్క రాసినప్పుడే రైతుల పేర్లు సర్కారు పుస్తకాల్లోకి వచ్చాయి. జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు చట్టప్రకారం రహస్యం, ఎవరికీ చూపించరు. జనన మరణాల రిజిస్టర్లలో పాతరోజుల్లో చాలాచోట్ల ‘మగ శిశువు’, ‘ఆడ శిశువు’ అని తండ్రి పేరుతో సరిపెట్టేశారు. “మీ వాళ్లెవరైనా భూమి అమ్మారా, తాకట్టు పెట్టారా? పెట్టుంటే రిజిస్ట్రేషన్ పుస్తకాల్లో దొరుకుతారు” అన్నారాయన. ఆ ఒక్క మాటతో ఆ రోజంతా పడిన చిరాకు తీరిపోయింది.

మర్నాడు పొద్దున్నే 900కే ఎక్కి భీమిలి వెళ్లాను. రుషికొండ దగ్గర కాలేజీ పిల్లలు దిగిపోయాక కిటికీ పక్క సీటు దొరికింది. మా నాన్న చిన్నప్పుడు ఈ దారిలో తాటితోపులు తప్ప ఏమీ ఉండేవి కావని చెప్పేవారు. ఇప్పుడు కొండ చెక్కేసి కట్టిన అపార్ట్‌మెంట్ల బోర్డులే. సెంటు ధర విని నోరు తెరిచాను. ఇదే దారిలో ఎక్కడో మా వాళ్ల మెట్ట భూమి ఉండేది.

భీమిలి రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర చెట్టు నీడలో బల్ల వేసుకుని కూర్చున్న దస్తావేజు లేఖరి గారి దగ్గరే నా ప్రయాణం అసలు మొదలైంది. డెబ్బై దాటిన మనిషి, కళ్లజోడుకి నల్లతాడు, బల్ల మీద స్టాంపు కాగితాలు, ఇంకు ప్యాడు, వేలు తుడుచుకోవడానికి పాత గుడ్డపేలిక. నా కథ మొత్తం విని, “ఆన్‌లైన్లో ఈసీ 1983 నుంచే వస్తాది తల్లీ. మీది చేత్తో వెతకాల్సిందే” అన్నారు. ఈసీ అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రం. స్థిరాస్తి దస్తావేజులన్నీ ఒకటో పుస్తకంలో నకలు రాసి ఉంచుతారట. దానికి రెండు ఇండెక్సులు. ఒకటోది మనుషుల పేర్లతో, రెండోది ఊరు, ఆస్తి వివరాలతో. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఫీజు కట్టిన ఎవరైనా వాటిని చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలు వేరే, అవి మూడో పుస్తకంలో ఉంటాయి, వాటికి షరతులున్నాయి.

“పేరుతో ఎతక్కు. సింహాచలం చందనోత్సవం నాడు క్యూలో మనిషిని ఎతికినట్టుంటాది” అన్నారు. నిజమే. మా ముత్తాత పేరులో ఆ సింహాచలం దేవుడు అప్పన్న ఉన్నాడు. ఆయన అన్న పేరులోనూ ఉన్నాడు. ఇండెక్సు తెరిస్తే అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ, మళ్లీ అప్పలస్వామి. ఆ దేవుడి పేరు లేని ఇల్లు ఉత్తరాంధ్రలో దొరకదు. పైగా తాత పేరు మనవడికి పెడతాం కాబట్టి ఒకే ఇంటిపేరుతో అదే మనిషి రెండు తరాల తర్వాత మళ్లీ కనిపిస్తాడు. ఊరు పట్టుకుని రెండో ఇండెక్సులోంచి రమ్మన్నారు.

అదే బల్ల దగ్గర ఇంకో మనిషి కూర్చుని ఉన్నారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి వచ్చారు. ముఖం చూస్తే అచ్చం మా పెద్దనాన్నలా ఉన్నారు, తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. 1860 నుంచి 1911 దాకా అక్కడి నేటాల్ చెరకు తోటలకి కాంట్రాక్టు కూలీలుగా వెళ్లిన లక్షన్నర మందిలో వాళ్ల ముత్తాత తండ్రి ఒకరు. ఆయన ఫైల్లోంచి తీసి చూపించిన ఓడ జాబితా నకలు చూసి నాకు మతిపోయింది. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఆఖరికి ఎడమ మోకాలి మీద మచ్చ కూడా రాసి ఉంది. జిల్లా విశాఖపట్నమే. ఊరి పేరే తెలియడం లేదు. మద్రాసులో ఎవరో దొరగారి గుమాస్తా చెవికి తోచినట్టు ఇంగ్లిషులో రాసింది ‘సూద్వరం’ అని చదువుతున్నారాయన. మ్యాపుల్లో ఎంత వెతికినా దొరకలేదట.

లేఖరి గారు దాన్ని రెండుసార్లు పైకి చదివించుకున్నారు. తర్వాత కళ్లు మూసుకుని తనే నాలుగు రకాలుగా పలికారు. “సోడారం... సోడవరం... చోడవరం! మనోళ్లు సోడారం అనే అంటారు కదమ్మా” అన్నారు. నేను ఇంగ్లిషులో చెప్పగానే ఆ పెద్దాయన లేచి నిలబడి లేఖరి గారి రెండు చేతులూ పట్టుకున్నారు. తర్వాత నన్ను అడిగారు, అది ఈ జిల్లాలోనే ఉందా అని. పాత విశాఖ జిల్లాలోంచి 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, అల్లూరి జిల్లాలు విడిపోయాయని, చోడవరం ఇప్పుడు అనకాపల్లిలో ఉందని చెప్పాను. ఇలా వెతుక్కునే వాళ్లు ఆ వరస తెలుసుకుని బయల్దేరితే చాలా తిరుగుడు తప్పుతుంది.

సంతోషంతో పాటు కొంచెం కడుపు మండింది కూడా. సముద్రాలు దాటి నేటాల్ వెళ్లిన కూలీ మోకాలి మచ్చ దాకా తెలుసు. బంగాళాఖాతం అవతలి ఒడ్డుకి వెళ్లిన మా ముత్తాత గురించి ఎత్తు తెలియదు, వెళ్లిన ఏడు తెలియదు, పోయిన రోజు తెలియదు. తోట యజమానికి కూలీ పారిపోతే పట్టుకోవడానికి ఆ వివరాలు కావాలి కాబట్టి రాశారు. మా వాళ్లని మేస్త్రీ అప్పే కట్టిపడేసింది. ఇక రాయాల్సిన అవసరం ఎవరికుంది?

రెండో ఇండెక్సులో మా ఊరి పేజీలు తిరగేస్తూంటే ఓ మధ్యాహ్నం మా ఇంటిపేరు కనిపించింది. ‘తనఖా’ అని ఉంది. రాసిచ్చింది ఆడమనిషి. విజయనగరం అమ్మవారి పేరు!

నకలు చేతికొచ్చాక చదవడం నా వల్ల కాలేదు. గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడేసుకుంటూ పోయాడు ఆ గుమాస్తా. తారీఖు ఫసలీలో, అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంది. దానికి 590 కలుపుకుంటే మామూలు సంవత్సరం వస్తుంది. లేఖరి గారు వేలు పెట్టి చదువుతూ పోయారు, నేను రాసుకుంటూ పోయాను. రంగూనులో కాలగతి చెందిన ఫలానా వారి మైనరు కుమారునికి తల్లియు గార్డియనును అయిన ఆమె, శిస్తు బకాయి కట్టడానికి, పిల్లల తిండి గింజలకి, మైనరు మేలు కోసం రెండెకరాల జిరాయితీ భూమి తాకట్టు పెడుతోంది. “ఇంత వివరం ఎందుకు రాశారండీ?” అని అడిగాను. మైనరు ఆస్తిని తల్లి ఊరికే తాకట్టు పెట్టడానికి లేదట. అవసరం ఏమిటో రాయకపోతే పిల్లాడు పెద్దయ్యాక కోర్టుకెళ్లి కొట్టేయించొచ్చు. అందుకని షావుకారే దగ్గరుండి రాయిస్తాడట. మా ఇంటి కష్టమంతా అలా పుస్తకంలో పడింది.

చెక్కుబందీ, అంటే పొలం హద్దులు రాసిన చోట ఆయన ఆగారు. తూర్పు హద్దు మా ముత్తాత అన్నగారి భూమి. ఆ అన్నగారి తండ్రి పేరు కూడా రాసి ఉంది. అది మా తాత పేరే! తాత పేరు మనవడికి పెట్టారన్నమాట. గ్రూపులో తిరుగుతున్న దాంట్లో ఆ తరానికి ఇంకేదో పేరుంది. నాలుగో మెట్టే తప్పయితే ఆ పైన రాజుగారి దాకా నేనింక చూడక్కర్లేదనిపించింది.

చివర్లో ఆవిడ పేరు పక్కన ‘వేలిముద్ర’ అని మాట మాత్రమే ఉంది. పుస్తకంలో ఉన్నది గుమాస్తా రాసిన నకలు. అసలు దస్తావేజు మీద ముద్ర వేసింది, అది షావుకారు చేతికి వెళ్లింది. ఆఫీసువాళ్లు వేలిముద్రలకి వేరే రిజిస్టరు పెడతారు. ఆ ఏడాదిది ఉందేమో వెతికిస్తానని లేఖరి గారు నా నంబరు రాసుకున్నారు. డబ్బులివ్వబోతే చదివినందుకు వద్దని, దరఖాస్తు రాసినందుకు మాత్రం తీసుకున్నారు.

రాత్రి మామ్మ దగ్గర కూర్చుని మొత్తం చదివి వినిపించాను. రెండెకరాలూ విడిపించుకున్నామని, ఆ రోజు ఇంట్లో పరమాన్నం వండారని చెప్పింది. ఆ చెల్లు రశీదు కూడా పుస్తకంలో ఉండాలి. ఎన్నాళ్లకి విడిపించారని అడిగితే, “మా అన్న పెళ్లికి ముందేడు” అంది. వాళ్ల అన్నంటే మా తాతగారు. ఆ పెళ్లి ఏడాది మా నాన్నకి తెలుసు, ఫోన్ చేసి రాసుకున్నాను. అంతలో మామ్మ నా చేతిలో పుస్తకం లాక్కుని తిరగేసింది.

“మా అమ్మ పుట్టింటోళ్లది ఎక్కడ రాశావు?”

ఇంకా రాయలేదన్నాను.

“మరది ఎవరు రాస్తారు? సంక్రాంతి ఎల్లాక రా. తగరపువలస అవతల వాళ్ల ఊరు. మా మావయ్య మనవడొకడు ఉన్నాడు, వాడింట్లో పాత కాగితాల పెట్టుంది. నేనూ వొస్తాను, ఆటో మాత్రం నువ్వే మాటాడు.”