ఏ క్యాన్సర్ అని అడిగేవాళ్ళకి

నాకు వచ్చింది ఎక్కడ మొదలైందో తెలియని క్యాన్సర్. మొదట్లో దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. మా నరసన్నపేటలో ఒక డాక్టరు ఎక్స్‌రేలో నీడ చూసి టీబీ మందులు రాసేశారు. కఫంలో టీబీ క్రిములు లేవని రిపోర్టు వచ్చినా మందులు ఆపలేదు. అన్నాళ్ళూ ఛాతీ మధ్యలో లింఫ్ గ్రంథులు పెరుగుతూనే ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక రాత్రి మాత్రం మర్చిపోలేను. పడుకుంటే ఊపిరాడదు. ముఖం ఉబ్బిపోయింది, మెడ మీద నరాలు తేలిపోయాయి. పుస్తెలతాడు మెడకి బిగుసుకుపోయింది. తీద్దామంటే నాకు చెయ్యి రాలేదు. పూజ తప్పని మా అత్తగారే వచ్చి ముడి విప్పి, "పేణం కన్నా ఇదెక్కువేటమ్మా" అంటూ తన కొంగున కట్టుకున్నారు. తెల్లారేదాకా నా వీపుకి భుజం ఆనించి కూర్చున్నారు.

తల నుంచి గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిరను గడ్డలు నొక్కేస్తున్నాయని విశాఖలో చెప్పారు. బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష), పెట్ స్కాన్, మామోగ్రామ్, ఎండోస్కోపీ అన్నీ అయ్యాయి. ముక్కలో క్యాన్సర్ ఉంది, అది మొదలైన చోటు మాత్రం ఎక్కడా దొరకలేదు. వార్డు బయట ఒక జూనియర్ డాక్టరు మా వారితో, "పుట్టిల్లు తెలియని జబ్బుకి ఏ మందని ఇస్తాం, ఇంటికి తీసుకెళ్ళిపోండి" అన్నాడు. తలుపు పక్కనే ఉన్నాను, విన్నాను. అతన్ని నేను క్షమించలేదు.

పెద్ద మేడమ్ వచ్చి మంచం మీదే కూర్చుని చెప్పారు: క్యాన్సర్ వచ్చినవాళ్ళలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురికి ఇలాగే ఉంటుందట. చోటు దొరక్కపోయినా కణం తీరు తెలుస్తుందట. ముక్కలోని కణాలు ఏ రకమో చూసే ఇమ్యునో పరీక్షలో లింఫోమా (లింఫ్ గ్రంథుల్లోనే పుట్టే క్యాన్సర్) కాదు, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిది కాదు అని ఒక్కొక్కటీ తీసేసుకుంటూ వచ్చి, దాన్నిబట్టి మందు నిర్ణయించారు. మూడు వారాలకోసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు, తర్వాత రేడియేషన్. మంచినీళ్ళు మింగినా గొంతు మంటే. వేళ్ళు మొద్దుబారి, ఇప్పటికీ జాకెట్ హుక్కులు మా అమ్మాయే పెడుతుంది. ఆ మేడమ్‌కి చేతులెత్తి దండం పెడతాను.

గడ్డలు బాగా తగ్గాయి. పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు. అత్తగారు మొక్కుకున్నారని అరసవల్లి వెళ్ళొచ్చాం. ఆ సూర్యనారాయణమూర్తి నా వైపు చూశాడనే నమ్ముతాను.

చుట్టాలు "ఏ క్యాన్సర్? నీకు పొగాకు అలవాటు లేదు కదా" అని అడుగుతూనే ఉన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా కఫంలో ఏమీ లేకుండానే టీబీ మందులు మొదలుపెడితే, తగ్గకపోతే, ముక్క పరీక్ష ఎందుకు చేయలేదని గట్టిగా అడగండి. బయాప్సీ అయ్యాక బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో పెట్టి దాచినవి), స్లైడ్లు ఆసుపత్రి నుంచి తెచ్చి దాచుకోండి. నాకు మళ్ళీ ముక్క తీయకుండా ఆ బ్లాకుల మీదే రెండో పరీక్ష చేశారు.