వెనక్కి తిరగవలసిన చోటు

విజయవాడ, ఆదివారం రాత్రి.

వచ్చే నెల తమ్ముడి దగ్గరకు వెళ్లినప్పుడు ఇద్దరం కలిసి ఎక్కాలనుకుంటున్న క్రిబ్ గోఖ్ దారిని ఈ రోజు మొదటి నుంచి చివరి దాకా కాగితం మీద పెట్టాను. అది బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, స్నోడన్ శిఖరానికి తూర్పు వైపున ఉన్న 923 మీటర్ల రాతి కొండ. దాని నెత్తి మీద కాలిబాట అంటూ ఉండదు. చాలా చోట్ల చేతులు కూడా రాతికి ఆనించి, పట్టు వెతుక్కుంటూ ముందుకు సాగాలి. మామూలు కొండ నడకకూ, తాళ్లతో చేసే శిలారోహణకూ నడుమన ఉండే ఈ ఎక్కుడును స్క్రాంబ్లింగ్ అంటారు. తమ్ముడు ఎంతో కాలంగా రమ్మంటున్నాడు. నేను పెట్టిన షరతు ఒక్కటే: దారి నేను గీస్తాను, ఎక్కడి నుంచి వెనక్కి రావాలో కూడా నేనే రాస్తాను, అక్కడికి వెళ్లాక ఇద్దరం దానికి కట్టుబడాలి.

కాలువల పనుల్లో ఇన్నేళ్లు లెవెళ్లు తీసినవాణ్ని కనుక, ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలుపుతూ పటం మీద గీసే కాంటూరు గీతలు నాకు కొత్త కావు. మన సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాల్లో గీతకూ గీతకూ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. తమ్ముడు పంపిన, బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 పటంలో అది 10 మీటర్లు. భోజనాల బల్ల మీద పటం పరిచి, భూతద్దం పెట్టి చూస్తుంటే శిఖరానికి రెండు పక్కలా గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుగా దగ్గరపడి, వాటి మధ్య రాతి గుర్తుల నలుపు తప్ప మరేమీ కనిపించలేదు. అంత వివరంగా ఉన్న పటమైనా ఎనిమిది మీటర్ల నిట్టనిలువు రాతి మెట్టును రెండు గీతల మధ్య దాచేయగలదు. మనిషిని ఆపడానికి ఆ ఎనిమిది మీటర్లే చాలు. అందుకే పటాన్ని ఒక్కదాన్నే నమ్మకుండా, ఆ దారిన వెళ్లినవారు తీసిన ఫొటోలను పక్కన పెట్టుకుని, ప్రతి మలుపునూ పటం మీద గుర్తిస్తూ మధ్యాహ్నమంతా గడిపాను.

దారి ఇలా తేలింది. 359 మీటర్ల ఎత్తున ఉన్న పెన్ ఎ పాస్ దగ్గర బస్సు దిగి, పిగ్ ట్రాక్ అనే బాట వెంట బుల్ఖ్ ఎ మోఖ్ అనే కనుమ దాకా నడవాలి. అక్కడ బాట రెండుగా చీలుతుంది. పిగ్ ట్రాక్ కొండ పక్కగా స్నోడన్ వైపు సాగిపోతుంది. రెండోది నేరుగా క్రిబ్ గోఖ్ తూర్పు గట్టు మీదకు లేస్తుంది. పొగమంచులో ఈ చీలిక దగ్గర దారి తప్పి, నడకకని వచ్చినవారు తెలియకుండానే రాతి గట్టు ఎక్కేసిన సందర్భాలు ఉన్నాయట. పైకి చేరాక గట్టు నెత్తి సన్నని అంచుగా మారుతుంది. ఉత్తరం వైపు లోయ నిలువుగా జారిపోతుంది కనుక, అంచుకు కాస్త దిగువన దక్షిణం వైపు పాదాలు ఉంచి, అంచునే పిట్టగోడలా పట్టుకుని నడవాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ తరువాత రాతి కొమ్ములు వస్తాయి. అవి దాటి బుల్ఖ్ గోఖ్ అనే రెండో కనుమకు చేరే దాకా పక్కకు దిగే సులువైన దారి లేదు. మధ్యలో భయపడి ఏదో ఒక పక్కకు దిగబోయినవారే పైకి రాలేక, కిందకు పోలేక చిక్కుకుపోతారు.

ఈ దారిని అక్కడివారు మొదటి గ్రేడులో వేశారు. 1 నుంచి 3 దాకా ఉండే ఆ వరుసలో ఇది అన్నిటికంటే తేలికైనది. తమ్ముడి ధీమా అంతా ఆ అంకె మీదే ఉంది. కానీ గ్రేడు చెప్పేది చేతులకూ కాళ్లకూ పట్టు దొరకడం ఎంత కష్టమన్నదే. పట్టు జారితే కింద ఎంత లోతుందో అది చెప్పదు. క్రిబ్ గోఖ్ మీద ఈ రెండూ చాలా దూరంగా ఉన్నాయి.

కాలం లెక్క కట్టడానికి 1892లో స్కాట్లాండ్‌కు చెందిన నైస్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్ల నడకకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. సుమారు 10 కిలోమీటర్లు, 850 మీటర్ల ఎక్కుడు అనుకుంటే మూడున్నర గంటలు కూడా పట్టవు. అయితే ఆ సూత్రం నడకకే వర్తిస్తుంది. ఒక్కో అడుగూ చూసి వేయవలసిన గట్టు మీద దాన్ని నమ్మకూడదు. నేను రెట్టింపు చేసి ఏడు గంటలు రాశాను.

ఉదయం మొగల్రాజపురం కొండ వైపు నడకకు వెళ్లినప్పుడు దారి పక్కన పడి ఉన్న ఖోండలైటు రాతి ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలితో నొక్కితే అంచు తుప్పు రంగు ఇసుకలా రాలింది; లోపల ఆవగింజంత ఎర్రని గోమేదికం వంటి గార్నెట్లు మెరిశాయి. 2024 ఆగస్టు చివరి వానలకు ఈ కొండచరియలే విరిగిపడి మనుషుల ప్రాణాలు తీశాయి. రాయి గట్టిగా కనిపించినంత మాత్రాన బరువు ఆపుతుందని నమ్మకూడదని ఈ ఊరిలో ఉన్నవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. క్రిబ్ గోఖ్ రాయి వేరు. అది రయోలైటు, గరుకుగా ఉండి బూటుకు బాగా పట్టునిస్తుంది. అయినా ఎక్కువమంది తొక్కిన చోట అది నున్నబడింది, వాన పడితే జారుతుంది. అందుకే ప్రతి పట్టునూ అరచేతి కింది భాగంతో తట్టి, బోలుగా మోగితే వదిలేయాలనీ, రెండు చేతులూ రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ రాతికి ఆనే ఉండాలనీ తమ్ముడికి రాసిన కాగితంలో అన్నిటికంటే పైన పెట్టాను. తాడు తీసుకువెళ్లడం లేదు. ఇద్దరికీ తాడు వాడటం రాదు. రానివారి చేతిలో ఉన్న తాడు ఉత్తుత్తి ధైర్యాన్ని మాత్రమే ఇస్తుంది.

సాయంత్రం వీడియో కాల్‌లో ఇదంతా చదివి వినిపించాను. బుల్ఖ్ ఎ మోఖ్ దగ్గర ఆగి నిర్ణయం తీసుకోవాలని నేను అన్నదే వాడికి నచ్చలేదు.

"అన్నయ్యా, అంత దూరం వచ్చి, కొండ కళ్ల ముందు పెట్టుకుని వెనక్కి తిరుగుతామా?"

"తిరగం. పిగ్ ట్రాక్ మీద స్నోడన్‌కే వెళ్తాం. శిఖరం 1,085 మీటర్లు, అదేమీ తక్కువ కాదు."

పక్కనే తమలపాకులు తుడుస్తున్న అమ్మ ఫోను వైపు వంగి, "అన్నయ్య చెప్పినట్టు వినరా. ఆ కొండ ఎక్కడికీ పోదు," అంది. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత గాలి ఎంత ఉంటే మానుకోవాలో వాడే అడిగాడు. శిఖరాల దగ్గర గాలి గంటకు 40 కిలోమీటర్లు దాటుతుందని ముందు రాత్రి సూచన ఉన్నా, కనుమ చేరేసరికి మబ్బు గట్టును కప్పేసినా, రాయి తడిగా ఉన్నా పిగ్ ట్రాకే అని ఒప్పుకున్నాం. స్నోడన్ తరువాత లివెద్ శిఖరం మీదుగా పూర్తి చుట్టు తిరిగి రావాలన్న వాడి కోరికను మాత్రం ఈసారికి తీసేశాను. అలసిన కాళ్లతో మరో రాతి గట్టు వద్దు. పిగ్ ట్రాక్ మీదుగా దిగుదాం.

ఉదయం ఎనిమిదికి బయలుదేరితే మూడు గంటలకల్లా కిందకు చేరాలి. సెప్టెంబరు మధ్యలో అక్కడ సాయంత్రం ఏడు దాటాకే సూర్యాస్తమయం కనుక ఆలస్యమైనా వెలుతురు ఉంటుంది. ఈ వివరాలన్నీ మరదలికి పంపి, ఆరు గంటలకు కూడా మా నుంచి కబురు రాకపోతే 999కు ఫోను చేసి, ముందు పోలీసులను, వారి ద్వారా పర్వత రక్షక దళాన్ని అడగాలని రాశాను. ఆమె అంతా చదివి, "ఆ కనుమల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాసి పంపండి బావగారూ, ఫోనులో చెప్పవలసింది నేనే కదా," అంది. పటం మళ్లీ విప్పి, ఒక్కో పేరూ చూసి రాసి పంపాను.