ఋణస్థులు

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర చిన్నాన్న చేతిలో ఆ చిన్న గ్లాసు వణుకుతోంది. ద్రాక్షరసం రెండు చుక్కలు తెల్ల చొక్కా మీద పడ్డాయి. పక్కనున్నది నేనే. ఏమీ ఆలోచించకుండా ఆయన మణికట్టు పట్టుకున్నాను.

నాన్న పోయిన ఏడాదే మా పొలం గట్టు లోపలికి జరిపిన చెయ్యి అది. అమ్మ ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. ఆరేళ్లుగా మాటల్లేవు.

ఈ ఆరేళ్లూ ప్రతి ఆదివారం ప్రభువు ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అని గట్టిగానే చెప్తున్నాను. బైబిల్లో మత్తయి 6:12, సండే స్కూల్లో కంఠతా పట్టిన మాట. ఋణస్థులంటే ఇక్కడ మనకు తప్పు చేసినవాళ్లు. క్షమించబోతున్న కాదు, క్షమించియున్న. ఆ తేడా ఈ రోజే చెవిన పడింది. ఇన్నాళ్లూ దేవుడికి నేను చెప్పిందేమిటి మరి?

బయటికొచ్చాక "మందులు వేసుకుంటున్నారా చిన్నాన్నా?" అన్నాను. తలూపాడు. "అమ్మ బాగుందా?" అన్నాడు.

గట్టు సంగతి ఇద్దరం ఎత్తలేదు. అది తేలాల్సిందే. కోపం మొత్తం పోయిందనీ చెప్పలేను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ మరక మీద నిమ్మకాయ రుద్దమను" అంది.