అవ్వ ఇంటి ఇత్తడి కొళాయి

పోయిన వారం తిరుపతిలో మా అవ్వ ఇంట్లో పైపులు మార్పించడం మొదలుపెట్టాం. గాంధీ రోడ్డు వెనక సందులో ఇల్లు, తాత కట్టించినప్పటి జీఐ పైపులే, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులే, ఇంకా గోడల్లో ఉన్నాయి. ప్లంబర్ అన్న ఒక ముక్క కోసి చేతికిస్తే లోపలంతా తుప్పు, దాని మీద తెల్లగా ఉప్పు పొర, చిటికెన వేలు కూడా దూరలేదు.

తుప్పు గురించి కాదు నా టెన్షన్. నీళ్లు ఎర్రగా వస్తే మనమే పారబోస్తాం, కానీ సీసం (లెడ్) కలిస్తే రంగు మారదు, వాసన రాదు, రుచీ తెలీదు. ఆ కాలం జీఐ పైపుల జింకు పూతలో సీసం, కాడ్మియం కొద్దిగా ఉండేవి. ఇత్తడి కొళాయిలకైతే తరగడానికి సులువుగా ఉంటుందని సీసం కావాలనే కలిపేవాళ్లు. రాత్రంతా కొళాయిలో నిలిచిన నీళ్లలోకే అది ఎక్కువగా దిగుతుంది, మనమేమో పొద్దున్నే ఆ మొదటి బిందెనే పట్టి తాగుతాం.

ఆ ఉప్పు పొర కొంతవరకు అడ్డుగా ఉంటుందట, అయితే బోరు నీళ్లు మానేసి వేరే రకం నీళ్లు వదిలితే ఆ పొరే కరిగిపోవచ్చు. అమెరికాలోని ఫ్లింట్‌లో 2014లో నీళ్లు తెచ్చే చోటు మార్చి, పైపుల్ని కాపాడే మందు కలపకపోవడం వల్ల సీసం ఇళ్లలోకి వచ్చింది.

తాగే నీళ్లకి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం వాటిలో సీసం లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. కాచితే పోతుందని చాలామంది అనుకుంటారు, పోదు, నీళ్లు ఆవిరై సీసం ఇంకా చిక్కబడుతుంది. మా చెల్లెలి కొడుక్కి రెండేళ్లు, వాడి పాలు కలిపేది ఈ నీళ్లతోనే. పిల్లల మెదడుకి అది చేసే చెరుపు మళ్లీ సరిచేయలేం.

"ఇన్నేళ్లూ ఈ నీళ్లే గదా నాయనా తాగినాం" అంది అవ్వ. నిజమే, కానీ తాగినవాళ్లతోనే ఇది ఆగిపోదు. డ్రైనేజీలోకి పోయిన సీసం మురుగు శుద్ధి చేసే చోట బురదలో చేరుతుంది, ఆ బురదని ఎరువుగా చల్లితే పొలం మట్టిలోకి వస్తుంది, అక్కడ కుళ్లి నశించేది కాదు.

కొత్త పైపులు పూర్తయ్యేదాకా పొద్దున మొదటి రెండు బకెట్లు బాత్రూం కడగడానికే వాడమన్నాను. అవ్వ ఎప్పుడూ ఆ నీళ్లే తులసికోటలో పోసేది. అక్కడ మాత్రం వద్దని బతిమాలాను, రోజూ తీర్థంలో వేసుకునేది ఆ ఆకులే కదా.