ఆండ్రే ద జెయింట్: పడేయాలంటే ఆయనే ఒప్పుకోవాలి

రెజ్లింగ్‌లో బాడీస్లామ్, అంటే ఎదుటివాణ్ని ఎత్తి వెల్లకిలా కింద పడేయడం, ఇద్దరు కలిసి చేసే పని. ఎత్తేవాడు ఒక చేతిని ఎదుటివాడి కాళ్ల మధ్య నుంచి, రెండో చేతిని భుజం మీదుగా పోనిచ్చి పట్టుకుంటాడు. సరిగ్గా అప్పుడే ఎత్తించుకునేవాడు కాస్త ఎగిరి, ఎత్తేవాడి తొడ మీద చెయ్యి ఆనించి తన బరువు కొంత తనే మోసుకుంటాడు. పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి, వీపు మొత్తం ఒకేసారి కింద తగిలేలా పడాలి. నడుము ముందు తగిలితే వెన్ను పోతుంది, తల ముందు తగిలితే మెడ పోతుంది. ఐదొందల పౌన్ల మనిషి నేనెగరను అని భీష్మించుకుంటే ఎత్తే మొనగాడు లేడు. ఆండ్రే ద జెయింట్ విలువంతా అక్కడే ఉంది.

అసలు పేరు ఆండ్రే రెనే రూసిమాఫ్. 1946 మే 19న ఫ్రాన్స్‌లో పుట్టాడు. గ్రోత్ హార్మోన్ అతిగా ఊరే జబ్బు ఆయనది. పొడుగు ఒక వయసులో ఆగినా చేతులు, పాదాలు, దవడ పెరుగుతూనే ఉంటాయి; కీళ్లు అరిగిపోతాయి, గుండె మీద భారం పడుతుంది. 7 అడుగుల 4 అంగుళాలు, 520 పౌన్లు అన్నది ప్రమోటర్లు చాటిన కొలత. మన పిల్లలు ఆడిన రెజ్లింగ్ కార్డుల మీద అంకెల్లాగే దీన్నీ కొంచెం తగ్గించి చదువుకోవాలి.

జపాన్‌లో, తర్వాత మాంట్రియల్‌లో ఆడాక 1973లో న్యూయార్క్ ప్రమోటర్ విన్స్ మెక్‌మాన్ సీనియర్ చేతిలో పడ్డాడు. కుర్రతనంలో ఆండ్రే డ్రాప్‌కిక్‌లు (ఎగిరి రెండు కాళ్లతో తన్నడం) కూడా కొట్టేవాడు. అవి మానేయమన్నాడు మెక్‌మాన్. కొండలా నిలబడితే చాలు, ఎగిరితే అందరిలో ఒకడవుతావని ఆయన లెక్క. ఒకే ఊళ్లో వారం వారం ఆడిస్తే జనానికి ఆ సైజు అలవాటైపోతుంది, ఓడించడానికి కొత్తవాళ్లూ దొరకరు. అందుకే ఒక్కో ప్రాంతపు ప్రమోటర్‌కి కొద్దికాలం అరువిచ్చి, జనం మొహం మొత్తకముందే పంపించేసేవాడు. నా దృష్టిలో రెజ్లింగ్ వ్యాపారంలో ఇంత తెలివైన ఎత్తు అరుదు.

నిలబడటమూ ఒక విద్యే. మొదటి దెబ్బకి కదలడు, తర్వాతి దెబ్బకి తూలుతాడు, ఎప్పటికో గానీ మోకాలు వంచడు. రెండు చేతులూ పై తాళ్లలో మెలిపడి ఇరుక్కుపోవడం ఆయన ముద్ర. కింద పడకుండానే దెబ్బలు తినడానికి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

1986లో ఆండ్రే వెన్నుకి ఆపరేషన్ అయింది. 1987 మార్చి 29న పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో రెజిల్‌మేనియా 3 అనే పెద్ద రెజ్లింగ్ షోలో హల్క్ హోగన్‌తో ఆడేటప్పుడు నల్ల దుస్తుల కింద నడుముకి బెల్టు ఉంది. రింగు దాకా చిన్న మోటారు బండి మీద తీసుకొచ్చారు. మొదట్లోనే హోగన్ ఎత్తబోయి కూలబడ్డాడు, ఆండ్రే వచ్చి అతని మీద పడ్డాడు, రిఫరీ రెండు లెక్కపెట్టాడు; మూడైతే హోగన్ ఓడినట్టే. ఆ తర్వాత పొడుగాటి బేర్‌హగ్, అంటే నడుము చుట్టూ చేతులేసి బిగించి పట్టుకోవడం. ఊపిరి తీసుకోవడానికి ఇద్దరికీ అదే సందు. ఇలా పన్నెండు నిమిషాలు లాగి చివర్లో హోగన్ స్లామ్, ఆపైన ఎగిరి కాలు మీద పడేసే లెగ్‌డ్రాప్. పదిహేనేళ్లుగా ఓడలేదని, ఎవరూ ఎత్తలేదని ప్రచారం చేశారు గానీ మెక్సికోలో కనెక్, జపాన్‌లో స్టాన్ హాన్సెన్ అనే రెజ్లర్లు అప్పటికే ఎత్తేశారు. 1980లో హోగనే ఎత్తాడు. 93,173 మంది వచ్చారన్న లెక్క మీదా వాదన ఇంకా తెగలేదు. ఆండ్రే ఒప్పుకుంటాడో లేదో చివరిదాకా తెలియదని హోగన్ తర్వాత చెప్పుకున్నాడు. హోగన్ కోతలు అభిమానులకి కొత్త కాదు, కానీ ఈ ఒక్క మాట కొట్టిపారేయలేం.

ఎందుకంటే మనిషి తీరు అది. ఎదురైన ప్రతివాణ్నీ ‘బాస్’ అని పిలిచేవాడు, తీరిక దొరికితే క్రిబేజ్ పేకాట. నచ్చనివాడు రింగులో దొరికితే మాత్రం బరువంతా వాడి మీద వదిలేసేవాడు. బిగ్ జాన్ స్టడ్ అనే రెజ్లర్‌తో పడేది కాదన్నది అందరికీ తెలిసిందే.

1990 ఏప్రిల్ 1న రెజిల్‌మేనియా 6లో జంట పోటీ. జోడీగా ఉన్న హాకూ ఒక్కడే మొత్తం ఆడాడు, ఆండ్రే వంతు రానేలేదు. 1993 జనవరిలో, తండ్రి అంత్యక్రియలకి వెళ్లి ప్యారిస్‌లో చనిపోయాడు. తర్వాతి తరం రెజ్లర్ బిగ్ షో 1990ల మొదట్లోనే, గ్రోత్ హార్మోన్ ఊరే పిట్యూటరీ గ్రంథికి ఆపరేషన్ చేయించుకుని పెరుగుదల ఆపుకున్నాడు. మన గ్రేట్ ఖలీ కూడా 2012లో ఆ గ్రంథి మీది కణితి తీయించుకున్నాడు.