గట్టున నడక, ఊళ్ళో తిండి

డబ్లిన్‌లో ఉండే మనవాళ్ళలో ఎవర్ని అడిగినా ఐర్లాండ్‌లో చూడాల్సినవి ఒకటే వరసలో చెబుతారు: మోహర్ క్లిఫ్స్, జెయింట్స్ కాజ్‌వే, గాల్వే వీధులు. అవన్నీ చూసేశాం. బాగున్నాయి, జనమూ బాగానే ఉన్నారు. అందుకే జూన్ మొదట్లో వచ్చే లాంగ్ వీకెండ్‌కి మా ఆవిడ షరతు పెట్టింది: "టూర్ బస్సులు ఆగని ఊళ్ళకి తీసుకెళ్ళండి చాలు." కిల్‌కెనీ, కార్లో కౌంటీల్లో బారో, నోర్ అని రెండు నదులు దాదాపు పక్కపక్కనే దక్షిణానికి దిగుతాయి. వాటి వెంట ఉన్న చిన్న ఊళ్ళు కొన్ని ఎంచుకున్నాం. పొద్దున్నే నడక, ఆకలేసే వేళకి ఏదో ఒక ఊరు. అంతకు మించి ప్లాన్ లేదు.

మోటర్‌వే దిగగానే రోడ్డు సన్నబడిపోయింది. రెండువైపులా నిలువెత్తు కంచె పొదలు, అక్కడక్కడా రోడ్డు మధ్యలో గడ్డి. ఎదురొచ్చిన ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీంచి చెయ్యి తీయకుండా చూపుడువేలు ఒక్కటి పైకెత్తి దించుతున్నాడు. అదే పలకరింపు. ట్రాక్టర్ నడిపే కుర్రాడి నుంచి పోస్ట్ వ్యాన్ ఆవిడ దాకా అందరిదీ ఒకటే పద్ధతి. కాసేపటికి నా వేలు కూడా దానంతటదే లేవడం మొదలుపెట్టింది.

మొదట ఆగింది బోరిస్‌లో. ఒకటే పెద్ద వీధి, ఏటవాలుగా నదివైపు దిగుతుంది. ఇళ్ళన్నీ గ్రానైట్ రాయి. వీధిలో ఓషేస్ అని ఒక పబ్ ఉంది. ఒకప్పుడు పచారీ సామాన్లు, ఇనుప సామాన్లు, మందు అన్నీ ఒకే కౌంటర్ మీద అమ్మిన కొట్టు అది. ఇలాంటివి ఐర్లాండ్ పల్లెల్లో చాలా ఉండేవి. పొలానికి మేకులు కొనడానికొచ్చిన రైతు ఒక గ్లాసు తాగి వెళ్ళేవాడన్నమాట. ఇది ఎవరి బుర్రలో పుట్టిన ఆలోచనోగానీ, మా పెద్దాపురం మార్కెట్‌లో పెట్టుంటే సాయంత్రానికి ఒక్క మేకు మిగిలేది కాదు.

ఊరికి ఒక పక్క బోరిస్ హౌస్ ఉంది. ఒకప్పుడు లెన్‌స్టర్ అనే ఈ ప్రాంతాన్ని ఏలిన మాక్‌మరో కవనా వంశం వాళ్ళ ఇల్లు. ఆ ఇంట్లో 1831లో పుట్టిన ఆర్థర్ కవనా కథ నన్ను చాలాసేపు వదల్లేదు. పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ సరిగ్గా ఏర్పడలేదు, మొదళ్ళు మాత్రమే ఉన్నాయి. అలాంటి మనిషి ప్రత్యేకంగా చేయించుకున్న జీనుకి కట్టుకుని గుర్రపుస్వారీ నేర్చాడు. పడుచు వయసులో రష్యా, పర్షియాల మీదుగా ఇండియా చేరాడు. డబ్బు అయిపోయి ఉద్యోగంలో చేరాడు. ఏం ఉద్యోగమంటే, ఔరంగాబాద్ ప్రాంతంలో గుర్రం మీద ఉత్తరాలు మోయడం! అప్పట్లో అది నిజాం రాజ్యం. తర్వాత ఊరికి తిరిగొచ్చి ఎస్టేటు చూసుకున్నాడు, లండన్ పార్లమెంట్‌లో మెంబరయ్యాడు. ఇంత చిన్న వీధి చివర హైదరాబాద్ సంస్థానంతో లంకె తగులుతుందని నేను అనుకోలేదు.

అక్కణ్ణుంచి గ్రేగ్‌నమానా కారులో కాసేపే. బారో నది ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. రాతి వంతెన మీంచి పిల్లలు వంతులేసుకుని నదిలోకి దూకుతున్నారు. ఊరి మధ్యలో ఉన్న డ్యూస్క్ ఆబీ 1204లో విలియం మార్షల్ అనే నార్మన్ ప్రభువు సిస్టర్షియన్ అనే శాఖ కాథలిక్ సన్యాసుల కోసం పెట్టించిన మఠం, ఇప్పుడు ఊరివాళ్ళ చర్చి. 1774లో దాని గోపురం కూలినప్పుడు ఆ రాళ్ళూ మట్టీ ఎత్తిపోయకుండా చదునుచేసి దానిమీదే నేల వేసేశారు. ఒక మూల అసలు నేలని తెరిచి ఉంచారు. వంగి చూస్తే నిలువెత్తుకి కాస్త తక్కువ లోతులో మధ్యయుగపు పలకలు కనిపిస్తాయి. అందుకే లోపల స్తంభాలన్నీ పొట్టిగా, మోకాళ్ళదాకా పూడుకుపోయినట్టు ఉంటాయి.

మేం దిగిన బి అండ్ బి (పడకా, పొద్దున టిఫినూ ఇచ్చే ఇల్లు) ఆవిడ పొద్దున్నే పెట్టిన పళ్ళెం గురించి చెప్పాలి. రాషర్లనే పంది మాంసపు పలచని ముక్కలు, సాసేజీలు, గుడ్లు, కాల్చిన టమాటా, ఇవికాక రెండు రకాల పుడ్డింగ్ ముక్కలు. నల్లది రక్తంతో చేసేది, తెల్లది రక్తం లేనిది. నల్లది మిరియాల ఘాటుతో బ్రహ్మాండంగా ఉంది. పక్కన మా ఆవిడ శుద్ధ శాకాహారి కాబట్టి వర్ణన ఇంతటితో ఆపుతున్నాను. ఆవిడ సోడా బ్రెడ్‌ని పట్టుకుంది. ఈస్ట్ లేకుండా మజ్జిగా వంటసోడా కలిపి కాలుస్తారు, ముదురు గోధుమరంగు, గరుకుగా ఉంటుంది. దాని మీద పచ్చగడ్డి మేసిన ఆవుల పసుప్పచ్చని వెన్న. మూడు ముక్కలయ్యాక ఇంటావిడని "ఎలా చేస్తారు?" అని అడిగింది. "కలపడమే, పిసకకూడదు" అందావిడ.

ఆ బరువుతోనే సెయింట్ మలిన్స్‌కి నడక. బారో గట్టు మీద ఆరేడు కిలోమీటర్లు. నదిలో సరుకు పడవలు తిరిగిన రోజుల్లో వాటిని గుర్రాలు తాడుతో లాగుతూ నడిచిన బాట ఇది. ఇప్పుడు గడ్డి పెరిగి కాలికి మెత్తగా ఉంది. గోదావరి జిల్లాలో పుట్టినవాణ్ణి, నాకు ఇక్కడ దేన్నీ ఎవరూ పరిచయం చేయక్కర్లేదు: ఇటు ఆనకట్ట, దాని పక్కనుంచి తవ్విన కాలవ, కాలవకి లాకులు, గట్టు. మా వైపు పడవల్ని మనుషులు లాగేవాళ్ళు, ఇక్కడ గుర్రాలు. అంతే తేడా.

ఒక లాకు దగ్గర అద్దె పడవలో వచ్చిన ముసలి దంపతులు పని చేస్తుంటే ఆగి చూశాం. ఆయన ఇనుప హ్యాండిల్ తగిలించి పళ్ళచక్రం తిప్పాడు. తలుపు అడుగున తూము తెరుచుకుని నీళ్ళు సుళ్ళు తిరిగాయి. పడవ చప్పుడు లేకుండా కిందకి దిగుతోంది, గోడల మీద తడి నాచు పైకి తేలుతోంది. లోపలి మట్టం, బయటి మట్టం ఒకటయ్యేదాకా ఇద్దరూ తలుపుకున్న పొడుగాటి దూలం మీద కూర్చుని టీ తాగారు. తర్వాత ఆవిడ ఆ దూలానికి వీపు ఆనించి, మడమలు రాతిమెట్లకి తన్నిపెట్టి వెనక్కి నెట్టింది. అంత పెద్ద తలుపు అంగుళం అంగుళం కదిలింది. నేను సాయం పడతానని ముందుకెళ్తే, ఇది మా ఇద్దరి పందెం, ఆయన గెలిచేస్తాడు వద్దు అంది.

సెయింట్ మలిన్స్ ఊరు అనడానికి కూడా చాలదు. 7వ శతాబ్దంలో సెయింట్ మోలింగ్ పెట్టిన ఆశ్రమం శిథిలాలు, విరిగిన రౌండ్ టవర్ మొదలు, రాతి సిలువ, నార్మన్లు పోసిన మట్టిదిబ్బ. కాథలిక్ పూజల మీద ఆంక్షలున్న కాలంలో ఆరుబయట ప్రార్థన చేసుకున్న రాతి పీఠం ఒకటి శ్మశానంలోనే ఉంది. ఆ కవనా రాజుల సమాధులూ ఇక్కడే. సముద్రపు పోటు నదిలో ఇక్కడిదాకా వస్తుంది, లాకులు ఇక్కడితో సరి. కింద ఒడ్డున పాత ధాన్యం గోదాము ఇప్పుడు కేఫ్. సూప్ ఆఫ్ ద డే ఏమిటని అడిగితే కూరగాయల సూప్ అన్నారు. ఐర్లాండ్ పల్లెల్లో దాదాపు ప్రతిరోజూ అదే ఉంటుంది. శాకాహారులు మాత్రం ఒక ప్రశ్న తప్పక అడగాలి: చికెన్ స్టాక్ వేశారా అని. వేయకపోతే సూప్, బ్రెడ్, తర్వాత జామూ క్రీమూ పెట్టిన స్కోన్‌తో మధ్యాహ్నం గడిచిపోతుంది.

మర్నాడు బ్రాండన్ కొండ ఎక్కాం. 515 మీటర్లు, కిల్‌కెనీ కౌంటీలో అదే ఎత్తయినది. పైన మబ్బు. దిగాం.

నోర్ మీది ఇనిష్‌టీగ్‌లో పది కమానుల వంతెన, నిమ్మళమైన పచ్చిక చౌకు, పైన గుట్ట మీద 1922లో అంతర్యుద్ధంలో తగలబడ్డ వుడ్‌స్టాక్ భవనం. గోడలు మాత్రం మిగిలాయి. తోటలో చిలీ నుంచి తెచ్చిన మంకీ పజిల్ చెట్లు రెండు వరసల్లో ఉన్నాయి. కొమ్మలకి ఆకుల బదులు కత్తులు తొడిగినట్టుంటాయి. నడిచి కిందకి వచ్చేసరికి పబ్‌లో కిచెన్ మూసేశారు. ఆకాశంలో ఇంకా పట్టపగల్లా వెలుగుంది కాబట్టి మనకి టైమ్ తెలియదు. పల్లె పబ్బుల్లో ఎనిమిదిన్నర, తొమ్మిది దాటితే వంట ఉండదు. ఆ రాత్రికి టేటో అనే ఇక్కడి కంపెనీ చీజ్ అండ్ ఆనియన్ చిప్స్‌ని రెండు బ్రెడ్ ముక్కల మధ్య పెట్టి నొక్కుకుని తిన్నాం. ఇది మా కక్కుర్తి కాదు, ఇక్కడివాళ్ళ జాతీయ అలవాటు. కరకరలాడుతూ అద్భుతంగా ఉంటుంది.

ఆదివారం థామస్‌టౌన్. అక్కడికి దగ్గర్లో జెర్‌పాయింట్ ఆబీ ఉంది, 12వ శతాబ్దానిది. వరండా స్తంభాల మధ్య చెక్కిన బొమ్మల్లో యోధులు, దొరసానులు, సన్యాసులు, వాళ్ళందరి మధ్యా పొట్ట పట్టుకుని మొహం చిట్లించిన మనిషి ఒకడు. కడుపునొప్పి మనిషి అనే పేరు. సన్యాసుల్లో ఎవడు ఎక్కువ తిన్నాడో శిల్పికి తెలుసు.

అది చూసి వెళ్ళి కార్వరీ లంచ్ లైన్లో నిలబడ్డాం. ట్రే పట్టుకుని వెళ్తే వడ్డిస్తారు. నా పళ్ళెంలో టర్కీ, హ్యామ్, పక్కన మెత్తగా ఎనిపిన బంగాళాదుంప ఒక గరిటె, వేయించిన బంగాళాదుంప మూడు ముక్కలు, కారెట్, గ్రేవీ. మా ఆవిడకి వెజిటబుల్ లసాన్యా, దానితో బంగాళాదుంప చిప్స్. గరిటె పట్టుకున్నావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అంతేనా? ఇంకో రెండు దుంపలు వెయ్యనా?" అంది. మా ఆవిడ నాకంటే ముందే పళ్ళెం చాపింది.